అబుడెఫ్‌డఫ్ వైజియెన్సిస్: ఐదు చారల పగడపు దిబ్బల చేప గుర్తింపు, వర్గీకరణ

వ్యాససంగ్రహం:

పగడపు దిబ్బలపై నివసించే డామ్సెల్ చేపలలో అబుడెఫ్‌డఫ్ వైజియెన్సిస్ సులభంగా కంటబడే జాతి. అయినా దీని పేరు, పరిధి, సరిహద్దులు రెండు శతాబ్దాలుగా చర్చలో ఉన్నాయి. అట్లాంటిక్ జాతి పేరుతో దీనిని దీర్ఘకాలం వ్యవహరించారు. ఒకే చారల అమరిక గల దగ్గరి జాతులతో దీనిని కలిపివేశారు. ఇటీవలి జన్యు అధ్యయనాలు ఈ ఒక్క పేరు కింద ఒకటికి మించిన వంశాలున్నాయని చూపాయి. ఈ జాతి నామకరణ చరిత్ర, బాహ్య లక్షణాలు, అణుస్థాయి ఆధారాలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. రంగు, లెక్కింపు, భౌగోళిక స్థానం, జన్యు ఆధారం అనే నాలుగింటిలో ఏ ఒక్కటీ స్వయంసమృద్ధం కాదనీ, నాలుగింటి సమన్వయమే గుర్తింపునకు ఆధారమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డామ్సెల్ చేపలు, పొమాసెంట్రిడే, అబుడెఫ్‌డఫ్, వర్గీకరణ శాస్త్రం, ప్రాధాన్య సూత్రం, డీఎన్‌ఏ బార్‌కోడింగ్, పగడపు దిబ్బలు.

1. ఉపోద్ఘాతం

పగడపు దిబ్బల అంచున, నీటి పైపొరల్లో గుంపులుగా తిరుగుతూ ప్లవకాలను, శైవలాలను, చిన్న అకశేరుకాలను తినే చేప అబుడెఫ్‌డఫ్ వైజియెన్సిస్. గరిష్ఠంగా 20 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. లేత నీలి తెలుపు ఒంటిపై ఐదు నిలువు నల్లచారలు, వీపు మీద పసుపు ఛాయ దీని ప్రసిద్ధ గుర్తులు. చారలు సైనికోద్యోగి భుజపట్టీని తలపించడం వల్ల ఈ ప్రజాతి చేపలకు ఇంగ్లీషులో సార్జెంట్ అనే వాడుక పేరు వచ్చింది. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని పశ్చిమ పసిఫిక్ వరకు ఇది విస్తరించి ఉంది. భారత జలాలలో లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు, మన్నారు సింధుశాఖ ప్రాంతాలలో కనిపిస్తుంది.

ఇంత స్పష్టమైన గుర్తులున్న చేపను గుర్తించడంలో ఇబ్బంది ఉండదని తోచవచ్చు. వాస్తవం వేరు. ఐదు చారలు ఈ ఒక్క జాతి సొత్తు కావు. క్షేత్రంలో తీసిన ఛాయాచిత్రం, జాతుల జాబితాలోని పేరు, జన్యు నిధిలోని క్రమం పరస్పరం విభేదించే సందర్భాలు ఈ ప్రజాతిలో ఉన్నాయి. ఒక పేరును ఎంతవరకు నమ్మవచ్చు అనే ప్రశ్నకు ఈ చేప మంచి ఉదాహరణ.

2. కుటుంబ స్థానం

డామ్సెల్ చేపలు పొమాసెంట్రిడే కుటుంబానికి చెందుతాయి. ఇందులో 400కు పైగా జాతులున్నాయి. సముద్ర పుష్పాలతో సహజీవనం చేసే క్లౌన్ చేపలు కూడా ఈ కుటుంబంలోనివే. పక్కలకు అణగిన ఎత్తైన దేహం, ఒకే అఖండ పృష్ఠవాజం, మధ్యలో తెగిపోయే పార్శ్వరేఖ, పాయువాజంలో సాధారణంగా రెండు ముళ్లు, చాలా జాతులలో తలకు ఇరువైపులా ఒక్కొక్కటే నాసికారంధ్రం ఈ కుటుంబ లక్షణాలు.

ఈ కుటుంబాన్ని ఎక్కడ ఉంచాలి అన్న విషయంలో శాస్త్రాభిప్రాయం మారుతూ వచ్చింది. గొంతులోని కింది ఎముకలు కలిసి ఒకే పలకగా ఏర్పడటం డామ్సెల్ చేపలలోనూ, సిక్లిడ్‌లలోనూ, రాస్ చేపలలోనూ కనిపిస్తుంది. ఈ పోలికను బట్టి 1982లో కౌఫ్‌మన్, లీమ్ ఈ కుటుంబాలను లాబ్రాయిడై అనే ఒకే ఉపక్రమంలో చేర్చారు. జన్యు ఆధారాలు పెరిగిన కొద్దీ, ఆ నిర్మాణం వేర్వేరు వంశాలలో విడివిడిగా పరిణమించిందని తేలింది. 2012లో వెయిన్‌రైట్, సహపరిశోధకులు డామ్సెల్ చేపలను, తిలాపియా వంటి సిక్లిడ్‌లను, ఎగిరే చేపలను, మరికొన్ని వర్గాలను ఓవలెంటేరియా అనే సమూహంగా గుర్తించారు. ఆధారానికి అంటుకునే తంతువులున్న గుడ్లు ఈ సమూహంలో విస్తృతంగా కనిపించే లక్షణం. రాస్ చేపలు ఆ సమూహం వెలుపలే మిగిలిపోయాయి.

కుటుంబం లోపలి విభజన కూడా మారింది. జెరల్డ్ అలెన్ 1975 నాటి విభజనలో క్లౌన్ చేపలకు ప్రత్యేక ఉపకుటుంబం ఉండేది. అణుస్థాయి వంశవృక్షాలు వాటిని పొమాసెంట్రినే ఉపకుటుంబం లోపలి ఒక శాఖగా చూపాయి. అబుడెఫ్‌డఫ్ ప్రజాతి మాత్రం తన దగ్గరి బంధువుల నుంచి చాలాకాలం క్రితమే విడిపోయిన ప్రత్యేక శాఖగా తేలింది. దానిని కొందరు అబుడెఫ్‌డఫినే అనీ, ఇటీవలి వర్గీకరణలో గ్లిఫిసోడాంటినే అనీ వ్యవహరిస్తున్నారు.

3. నామకరణ చరిత్ర

3.1. సాక్సటిలిస్, వైజియెన్సిస్

లిన్నేయస్ 1758లో కీటోడాన్ సాక్సటిలిస్ అనే పేరుతో ఐదు చారల చేపను వర్ణించాడు. సాక్సటిలిస్ అనే లాటిన్ పదానికి రాళ్ల మధ్య నివసించేది అని అర్థం. ఎర్ర సముద్ర జీవులను అధ్యయనం చేసిన ఫోర్స్కాల్ వర్ణనలు 1775లో వెలువడ్డాయి. అరబ్బీ వాడుక పేరు నుంచి వచ్చిన అబుడెఫ్‌డఫ్ అనే ప్రజాతి నామం ఆయన గ్రంథం నుంచే వచ్చింది. తరువాత లాసెపేడ్ ప్రతిపాదించిన గ్లిఫిసోడాన్ అనే పేరు పందొమ్మిదో శతాబ్దంలో విస్తృతంగా వాడుకలో ఉన్నా, ప్రాధాన్య సూత్రం ప్రకారం ముందుగా వెలువడిన అబుడెఫ్‌డఫ్ పేరే నిలిచింది.

ఫ్రెయిసినే నాయకత్వాన 1817 నుంచి 1820 వరకు సాగిన యురానీ నౌకాయాత్రలో కోయ్, గైమార్ ప్రకృతి శాస్త్రజ్ఞులుగా పాల్గొన్నారు. న్యూగినీకి పశ్చిమాన ఉన్న వైజియో దీవి పేరు మీద 1825లో వారు గ్లిఫిసోడాన్ వైజియెన్సిస్ అనే జాతిని వర్ణించారు. ఆ జాతి ఇప్పుడు అబుడెఫ్‌డఫ్ ప్రజాతిలో ఉన్నందువల్ల కర్తల పేర్లను, సంవత్సరాన్ని కుండలీకరణంలో ఉంచుతారు. పేరు పక్కనున్న ఆ చిన్న గుర్తు, జాతిని తొలుత వేరే ప్రజాతిలో వర్ణించారన్న సమాచారాన్ని పాఠకునికి అందిస్తుంది.

అట్లాంటిక్ చేపకూ హిందూ–పసిఫిక్ చేపకూ రంగులోనూ, వాజకిరణాల సంఖ్యలోనూ భేదం అతిస్వల్పం. అందువల్ల ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం హిందూ మహాసముద్రపు చేపను కూడా అబుడెఫ్‌డఫ్ సాక్సటిలిస్ అనే రాశారు. కొందరు వైజియెన్సిస్‌ను దాని ఉపజాతిగా పరిగణించారు. ప్రస్తుత అవగాహన ప్రకారం సాక్సటిలిస్ అట్లాంటిక్‌కు పరిమితం. తూర్పు పసిఫిక్‌లో దాని దగ్గరి బంధువు ట్రోషెలీ. సుమారు 30 లక్షల సంవత్సరాల క్రితం పనామా భూసంధి మూసుకుపోవడంతో ఈ రెండింటి జనాభాలకు సంబంధం తెగిపోయింది. వైజియెన్సిస్ హిందూ–పసిఫిక్ జాతి. కనుక పాత భారతీయ జాబితాలలో సాక్సటిలిస్ అని కనిపించినప్పుడు దానిని యథాతథంగా స్వీకరించడం సరికాదు. ఆ రచయిత ఏ కాలపు నామవ్యవస్థను అనుసరించాడో చూడాలి. చిత్రం గాని, భద్రపరచిన నమూనా గాని ఉంటే దానిని పరిశీలించాలి.

3.2. విశాఖపట్నం ఆధారం

ఈ జాతి నామచరిత్రలో తెలుగు తీరానికి ప్రత్యక్ష సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రసెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉండి చేపలను సేకరించి చిత్రింపజేశాడు. ఆయన కృషి 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. చేపలకు లిన్నేయస్ పద్ధతిలో కొత్త ద్వినామాలు పెట్టకుండా, మత్స్యకారుల నోట విన్న తెలుగు పేర్లను రోమన్ లిపిలో నమోదు చేయడం ఆ గ్రంథ విశిష్టత. అందులో ఒక చారల చేపను ఆయన రాహ్తి పోతా అని రాశాడు. దీనిని రాతి అనే మాటగా చదివితే, తెలుగు పేరుకూ లిన్నేయస్ పెట్టిన సాక్సటిలిస్‌కూ అర్థం ఒక్కటే అవుతుంది. రాళ్ల మధ్య తిరిగే స్వభావమే అక్కడా ఇక్కడా పేరుకు ఆధారమైందని భావించవచ్చు.

క్యువియే, వాలెన్సియెన్ల మత్స్యశాస్త్ర గ్రంథంలో 1830లో గ్లిఫిసోడాన్ రాహ్తి అనే ద్వినామం వెలువడింది. ఆ విధంగా తెలుగు మాట అంతర్జాతీయ నామావళిలో చేరింది. అయితే రాహ్తి, వైజియెన్సిస్ ఒకే జాతి అని తరువాతి వర్గీకరణ నిర్ణయించింది. 1825 నాటి పేరు 1830 నాటి పేరు కంటే ముందుది. కనుక వైజియెన్సిస్ చెల్లుబాటు నామంగా నిలిచి, రాహ్తి అనంతర పర్యాయ నామంగా మిగిలింది. ఐదేళ్ల తేడా ఒక పేరు భవితవ్యాన్ని నిర్ణయించింది. ప్రాధాన్య సూత్రాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం. పర్యాయ నామాలు నిరర్థకాలు కావు. వైజియెన్సిస్ భావన భవిష్యత్తులో విడిపోతే, ఏ పేరు ఏ వంశానికి చెందాలో తేల్చడానికి మొదట పరిశీలించవలసినవి ఇవే.

4. బాహ్య లక్షణాల ద్వారా గుర్తింపు

4.1. లెక్కింపులు

అబుడెఫ్‌డఫ్ ప్రజాతిలో మొప్పల మూత ముందరి ఎముక అంచు నున్నగా ఉంటుంది. పొమాసెంట్రస్, డాసిల్లస్ ప్రజాతులలో ఆ అంచుకు రంపపు పళ్లవంటి నొక్కులు ఉంటాయి. వేలితో తాకి గాని, భూతద్దంతో గాని తొలుత నిర్ధారించవలసిన భేదమిది. వైజియెన్సిస్ పృష్ఠవాజంలో 13 ముళ్లు, 11 నుంచి 14 మృదు కిరణాలు ఉంటాయి. పాయువాజంలో 2 ముళ్లు, 11 నుంచి 13 మృదు కిరణాలు ఉంటాయి. పార్శ్వరేఖ పృష్ఠవాజపు మృదుభాగం కింద ఆగిపోతుంది. మృదు కిరణాలను లెక్కించేటప్పుడు ఒకే మూలం నుంచి చీలిన చివరి రెండింటిని ఒకటిగా పరిగణించడం ఆచారం. ఈ నియమం పాటించకపోతే లెక్క ఒకటి ఎక్కువ వస్తుంది.

ఈ సంఖ్యలు చేపను ప్రజాతి వరకు చేర్చడానికి ఉపకరిస్తాయి. ప్రజాతి లోపల చాలా జాతుల సంఖ్యలు ఒకదానిపై ఒకటి పడతాయి గనుక, జాతిని నిర్ణయించడానికి రంగు, చారల అమరిక అవసరమవుతాయి.

4.2. భారత జలాలలోని ఆరు జాతులకు గుర్తింపు సూచిక

1. తోక మొదలు పైభాగాన జీను ఆకారపు నల్లమచ్చ ఉంటే సార్డిడస్. లేకపోతే 2వ అంశం.

2. ఒళ్లు ముదురు రంగు, దానిపై సన్నని లేత చారలు, తోక పసుపు అయితే నొటాటస్. ఒళ్లు లేత రంగు, దానిపై ముదురు చారలైతే 3వ అంశం.

3. పుచ్ఛవాజపు పై తమ్మెలోనూ కింది తమ్మెలోనూ పొడవునా నల్లని పట్టీ ఉండి, రెండూ కలిసి కత్తెరలా కనిపిస్తే సెక్స్‌ఫాసియాటస్. పట్టీలు లేకపోతే 4వ అంశం.

4. ఒంటిపై ఐదు చారలు, వీపు పైభాగం పసుపు అయితే వైజియెన్సిస్. ఆరు లేదా ఏడు చారలుంటే 5వ అంశం.

5. చారలు సన్నగా ఉండి, పుచ్ఛవాజపు తమ్మెల చివరలు గుండ్రంగా ఉంటే బెంగాలెన్సిస్. చారలు సాపేక్షంగా వెడల్పుగా ఉంటే సెప్టెంఫాసియాటస్.

ఈ సూచికలో పేర్ల అర్థాలు అనువాదం తెలిసినవారిని తప్పుదారి పట్టించగలవు. సెక్స్‌ఫాసియాటస్ అంటే ఆరు పట్టీలు కలది. కాని దాని దేహంపై సాధారణంగా లెక్కకు వచ్చేవి ఐదు చారలే. చారల సంఖ్యను మాత్రమే చూసేవారు దానిని వైజియెన్సిస్ అని రాసే ప్రమాదం ఉంది. చారల కంటే ముందు తోకను చూడాలన్న నియమానికి కారణమిదే. జాతినామం ఒక గుర్తింపు చీటీ మాత్రమే. అది చేప వర్ణన కాదు.

4.3. రంగు పరిమితులు

రంగు స్థిరమైన లక్షణం కాదు. గూటిలోని గుడ్లను మగ చేప కాపలా కాస్తుంది. ఆ కాలంలో దాని ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుంది. అప్పుడు పసుపు ఛాయను, చారల స్పష్టతను మాత్రమే నమ్ముకున్న పరిశీలకుడు దానిని వేరే జాతిగా భావించవచ్చు. ఫార్మలిన్‌లోనూ ఆల్కహాల్‌లోనూ భద్రపరచిన నమూనాలలో పసుపు, నీలం మాయమై నల్లచారలు మాత్రమే మిగులుతాయి. మ్యూజియం నమూనాను చూసి రాసిన వర్ణనకూ, నీటి అడుగున తీసిన చిత్రానికీ పొంతన కుదరకపోవడానికి ఇదొక కారణం.

తోక మొదట ఉండే చిన్న మచ్చలకు కూడా వర్గీకరణ విలువ ఉంటుంది. ఒకాడా, ఇకెడా 1939లో కాడోబైమాక్యులేటస్ అనే జాతిని వర్ణించారు. తోకపై రెండు మచ్చలు కలది అని ఆ పేరుకు అర్థం. దీర్ఘకాలం దానిని వైజియెన్సిస్‌కు పర్యాయ నామంగా భావించారు. 2018లో జరిగిన పునఃపరిశీలన దానిని చెల్లుబాటయ్యే జాతిగా పునరుద్ధరించి, వైజియెన్సిస్‌ను తిరిగి వర్ణించింది. ఎనభై ఏళ్లపాటు వ్యక్తిగత భేదంగా కొట్టివేసిన లక్షణం జాతిభేదానికి సూచన అని తేలింది. 2018కి ముందు రూపొందిన జాబితాలలో వైజియెన్సిస్ అనే పేరు నేటి పరిమిత అర్థంలో వాడినది కాకపోవచ్చు.

5. అణుస్థాయి ఆధారం

బాహ్య లక్షణాలు సందిగ్ధంగా ఉన్నప్పుడు డీఎన్‌ఏ తీర్పు ఇస్తుందన్న నమ్మకం పరిశోధకులలో బలంగా ఉంది. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 క్షారాల భాగాన్ని చదివి, దత్తనిధులలోని క్రమాలతో పోల్చడమే బార్‌కోడింగ్. చాలా చేపల విషయంలో ఈ పద్ధతి సఫలమైంది. అబుడెఫ్‌డఫ్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమని 2017లో మాలిక్యులర్ ఎకాలజీ పత్రికలో వెలువడిన అధ్యయనం సూచించింది.

హిందూ–పశ్చిమ పసిఫిక్‌లోని 32 ప్రాంతాల నుంచి, బాహ్యరూపాన్ని బట్టి పది జాతులుగా గుర్తించిన నమూనాలను ఆ అధ్యయనం పరిశీలించింది. వైజియెన్సిస్ అని పిలిచిన చేపలలో ఎ, బి, సి అనే మూడు విభిన్న వంశాలు బయటపడ్డాయి. వాటి మధ్య సైటోక్రోమ్ బి జన్యువులో భేదం సుమారు 9 శాతం. మూడింటి భౌగోళిక పరిధులు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి.

అంతకంటె కీలకమైన అంశం మరొకటి ఉంది. కేంద్రక జన్యువుల ప్రకారం వైజియెన్సిస్ ఎ వంశం, సెక్స్‌ఫాసియాటస్ వేర్వేరు. మైటోకాండ్రియా వంశవృక్షంలో మాత్రం ఎ వంశం సెక్స్‌ఫాసియాటస్ లోపల ఇమిడిపోయింది. పగడపు త్రిభుజ ప్రాంతపు సెక్స్‌ఫాసియాటస్‌కూ ఎ వంశానికీ మైటోకాండ్రియా క్రమంలో భేదమే కనిపించలేదు. రెండు జాతుల మధ్య బలహీనంగానైనా విస్తృతంగా జన్యు ప్రవాహం జరిగిందని గణన నమూనాలు సూచించాయి.

ఆచరణలో దీని ఫలితం తీవ్రమైనది. తోకలో కత్తెర పట్టీలు లేని చేప నుంచి తీసిన మైటోకాండ్రియా క్రమం సెక్స్‌ఫాసియాటస్‌తో సరిపోలవచ్చు. అప్పుడు క్షేత్ర గుర్తింపు తప్పు, డీఎన్‌ఏ ఒప్పు అని వెంటనే నిర్ణయించడం పొరపాటవుతుంది. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. ఏనాటి సంకరం వల్లనో ఒక జాతి మైటోకాండ్రియా మరొక జాతి దేహంలో స్థిరపడవచ్చు. కనుక ఈ ప్రజాతిలో బార్‌కోడ్‌కు తోడు కనీసం ఒక కేంద్రక జన్యువును చదవడం అవసరం.

6. పొరపాటు గుర్తింపు పర్యవసానాలు

పేరు మారితే చేప మారదు. కాని ఆ చేప గురించి చెప్పే కథ మారుతుంది. 1959లో ప్రచురితమైన ఒక నివేదిక ఇటలీలోని నేపుల్స్ సింధుశాఖలో పట్టిన చేపను అబుడెఫ్‌డఫ్ సాక్సటిలిస్ వైజియెన్సిస్ అని నమోదు చేసింది. వైజియెన్సిస్ అప్పటికి ఉపజాతి స్థాయిలో ఉంది. ఆ తరువాత మధ్యధరా సముద్రంలో ఐదు చారల చేపల నమోదులు వివిధ పేర్లతో వచ్చాయి. చేప వైజియెన్సిస్ అయితే ఎర్ర సముద్రం నుంచి సూయజ్ కాలువ మీదుగా వచ్చి ఉండవచ్చు. సాక్సటిలిస్ అయితే దాని మూలం అట్లాంటిక్. ఆగంతుక జాతుల రాకను అరికట్టే చర్యలు ఏ దారిపై దృష్టి పెట్టాలన్నది పేరు మీదే ఆధారపడుతుంది. రెండు జాతుల రూపం దాదాపు ఒకటే కావడం వల్ల, ఛాయాచిత్రం మాత్రమే ఆధారంగా ఉన్న నమోదులను పునఃపరిశీలించవలసి వచ్చింది.

హవాయి దీవులలో సమస్య మరో రూపంలో ఉంది. అక్కడి దేశీయ జాతి అబ్డామినాలిస్. 1990ల ఆరంభం నుంచి అక్కడ వైజియెన్సిస్ కనిపించసాగింది. తేలియాడే శైవలాల కింద, కొట్టుకుపోయే వస్తువుల నీడన ఈ జాతి పిల్లలు ఆశ్రయం పొందుతాయి. దూరప్రయాణానికి ఈ అలవాటు తోడ్పడుతుంది. వచ్చిన చేపలు దేశీయ జాతితో సంకరం చెందుతున్నట్లు జన్యు ఆధారాలు చూపాయి. సంకర సంతతిలో రెండు జాతుల లక్షణాలు కలిసిపోతాయి గనుక, ద్విశాఖ సూచిక అక్కడ పూర్తిగా పనిచేయదు.

7. నమూనా సేకరణ నుంచి నిర్ధారణ వరకు

పై చర్చను బట్టి ఈ ప్రజాతిపై పనిచేసే పరిశోధకునికి ఒక క్రమం ఏర్పడుతుంది. సేకరించిన వెంటనే, రంగు చెడకముందే, వాజాలను విప్పి ఉంచి ఛాయాచిత్రం తీయాలి. తోక రెండు తమ్మెలు, తోక మొదలు స్పష్టంగా కనిపించాలి. తరువాత వాజం నుంచి చిన్న ముక్క కోసి 95 శాతం ఇథనాల్‌లో ఉంచాలి. ఈ పని చేపను ఫార్మలిన్‌లో వేయకముందే జరగాలి. ఫార్మలిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది గనుక, ఈ క్రమం తప్పితే నమూనా జన్యు పరిశీలనకు పనికిరాకుండా పోవచ్చు. అనంతరం 10 శాతం ఫార్మలిన్‌లో స్థిరీకరించి, 70 శాతం ఆల్కహాల్‌కు మార్చి భద్రపరచాలి.

ప్రామాణిక పొడవు, దేహపు ఎత్తు, వాజకిరణాలు, పార్శ్వరేఖ పొలుసుల లెక్కలు నమోదు చేయాలి. సేకరించిన స్థలం, లోతు, తేదీ చీటీపై ఉండాలి. నమూనాకు గుర్తింపు పొందిన మ్యూజియంలో సంఖ్య పొంది, అదే సంఖ్యను జన్యు నిధిలోని క్రమానికి జతచేయాలి. క్రమానికీ దేహానికీ మధ్య ఈ లంకె తెగిపోతే, రేపు వైజియెన్సిస్ మూడు జాతులుగా విడిపోయినప్పుడు ఆ క్రమం ఎవరిదో చెప్పగలవారు ఉండరు.

8. ఉపసంహారం

అబుడెఫ్‌డఫ్ వైజియెన్సిస్ చరిత్రలో ప్రతి ఆధారమూ ఒక దశలో దారి చూపింది, మరో దశలో తడబడింది. చారలు చేపను ప్రసిద్ధం చేశాయి, అవే మరో జాతితో దానిని కలిపాయి. లెక్కింపు ప్రజాతిని చెప్పింది, జాతి వద్ద ఆగింది. భౌగోళిక స్థానం సాక్సటిలిస్ నుంచి దీనిని వేరు చేసింది, మధ్యధరాలో అక్కరకు రాలేదు. మైటోకాండ్రియా దాగిన వంశాలను బయటపెట్టింది, సెక్స్‌ఫాసియాటస్ దగ్గర తప్పుదారి చూపింది.

జాతినామం అందుబాటులో ఉన్న ఆధారాలు నిలబెట్టిన ఒక ప్రతిపాదన. అది సవరణకు తెరచి ఉంటుంది. సవరించే అవకాశం మిగలాలంటే నమూనా, చిత్రం, చీటీ భద్రంగా ఉండాలి. రెండు శతాబ్దాల క్రితం విశాఖ తీరాన మత్స్యకారులు చెప్పిన పేరు, దాని పక్కన చేర్చిన చిత్రం ఈనాటికీ పరిశీలనకు అందుతున్నాయంటే, నాటి నమోదులోని శ్రద్ధే కారణం. నేటి పరిశోధకుడు తన నమూనాను రేపటివారికి అదే శ్రద్ధతో అందించవలసి ఉంది.